కర్నూలు నుంచి ఒక ప్రశ్న: ఆరడుగుల ట్యాంకులో ఆస్కార్, అరోవానా, రెడ్‌టెయిల్ చేపలు కలిసి బతకగలవా?

బురుజు నీడ, కర్నూలు | శనివారం, ఉదయం 8:40

సభ్యులందరికీ నమస్కారం. మూడు నెలల కిందట 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు ఒకటి కొన్నాను. ఇప్పుడు అందులో నాలుగంగుళాల ఆస్కార్లు రెండు, ఏడంగుళాల సిల్వర్ అరోవానా ఒకటి, ఐదంగుళాల రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఒకటి, అంగడిలో ‘షార్కులు’ అని చెప్పి ఇచ్చిన వెండి రంగు చేపలు మూడు ఉన్నాయి. మొదట్లో విడో టెట్రాలనే చిన్న చేపలు పది కూడా ఉండేవి. అవి వారం తిరిగేలోపు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి, ఎక్కడా కళేబరం కూడా దొరకలేదు.

ఈ ట్యాంకు చాలదని అర్థమైంది. అందుకని 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తుతో కొత్త ట్యాంకు చేయించి మిద్దె పైగదిలో పెట్టాలనుకుంటున్నాను. ఈ చేపలన్నిటికీ జీవితాంతం అది సరిపోతుందా? ఇంకా ఏయే చేపలను వీటితో కలపవచ్చు? అద్దాలు కోయించడానికి ముందే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పెన్నా తీరం, కడప | శనివారం, ఉదయం 10:15

అద్దాలు కోయించక ముందే అడిగారు, సంతోషం. మీరు చెప్పిన ట్యాంకు 24 ఘనపుటడుగులు, అంటే సుమారు 680 లీటర్లు. మీ రెండు ఆస్కార్లకు అది మంచి ఇల్లే అవుతుంది. మిగిలినవాటికి మాత్రం చాలదు. ఎందుకు చాలదో చెబుతాను.

పెద్ద చేపల విషయంలో అందరూ ముందుగా లీటర్లు లెక్కపెడతారు, ఆ తర్వాత పొడవు చూస్తారు. నేను మొదట చూసేది వెడల్పు. చేప ట్యాంకు చివరి దాకా ఈది వెనక్కి తిరగాలి కదా, ఆ మలుపులో దాని ముక్కు గానీ తోక గానీ అద్దానికి తగలకూడదు. ఆస్కార్ పెరిగితే 12 అంగుళాల దాకా వస్తుంది, దాని ఒళ్లు పలకలాగా ఎత్తుగా ఉంటుంది కాబట్టి 2 అడుగుల వెడల్పులో హాయిగా తిరుగుతుంది. సిల్వర్ అరోవానా సంగతి వేరు. అడవి నదిలో అది 90 సెంటీమీటర్ల వరకూ పెరుగుతుంది, ట్యాంకుల్లో సాధారణంగా 60 నుంచి 75 సెంటీమీటర్లు వస్తుంది. అంటే రెండడుగుల నుంచి రెండున్నర అడుగులు. రెండున్నర అడుగుల చేప రెండడుగుల వెడల్పులో తిరగాలంటే తిరిగిన ప్రతిసారీ వెన్ను బలవంతంగా వంచాలి, రోజుకు కొన్ని వందలసార్లు వంచాలి. పెరిగిన అరోవానాకు 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న ట్యాంకు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎత్తు విషయంలో మాత్రం పట్టుదల అక్కర్లేదు, ఎందుకంటే అది నీటి పైపొరలోనే తిరిగే చేప, 2 అడుగుల లోతు దానికి ధారాళంగా చాలుతుంది. ఎత్తుకు పెట్టే డబ్బును వెడల్పుకు పెట్టండి.

మూతను కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. అమెజాన్‌లో ఈ చేప నీటిపైకి వంగిన కొమ్మల మీది పురుగుల కోసం ఒడలంతా గాలిలోకి లేచేలా ఎగురుతుంది, అందుకే దానికి నీటి కోతి అన్న పేరు కూడా ఉంది. బరువైన మూత గానీ బిగించిన మూత గానీ లేని ట్యాంకులో అరోవానా ఉంటే ఏదో ఒక తెల్లవారుజామున అది నేల మీద కనిపిస్తుంది.

మీ ‘షార్కులు’ నిజానికి షార్కులు కావు. మన చెరువుల్లో పెంచి, మార్కెట్లో పంగస్ పేరుతో అమ్మే చేప పిల్లలే అవి. పెరిగితే మీటరు దాటుతాయి, గుంపుగా తిరుగుతాయి, బెదిరితే తల అద్దానికేసి కొట్టుకుంటాయి. ఇలాంటి మోసం ఇంకొకటి కూడా ఉంది. రూప్‌చంద్ పిల్లలను పిరానా అని చెప్పి అమ్ముతుంటారు, అవి కూడా ఇంటి ట్యాంకుకు మించి పెరిగేవే.

అనంత జలం, అనంతపురం | శనివారం, మధ్యాహ్నం 12:30

రెడ్‌టెయిల్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

ఆరేళ్ల కిందట మీలాగే ఐదంగుళాల పిల్లను తెచ్చాను. నల్లటి వీపు, తెల్లటి పక్కలు, ఎర్ర తోకతో అది చాలా అందంగా ఉండేది, చేతిలోని రొయ్యను అందుకుని తినేది. పదినెలల్లో అడుగున్నర దాటింది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఎనిమిదంగుళాల ఆస్కార్ కనిపించలేదు, రెడ్‌టెయిల్ పొట్ట మాత్రం కుండలాగా ఉబ్బి నేలకు ఆనుకుని పడుకుని ఉంది. ఆ రెండూ పిల్లలుగా ఉన్నప్పటి నుంచి ఒకే ట్యాంకులో పెరిగినవే. కలిసి పెరిగితే తినదని చాలామంది చెబుతారు, అది నిజం కాదని నా కళ్లారా చూశాను. ఈ చేప పగలు మెదలకుండా ఉండి, రాత్రి చీకట్లో మీసాలతో తడుముకుంటూ వేటాడుతుంది. దాని నోరు తల అంత వెడల్పు ఉంటుంది. నోట్లో పట్టేదేదైనా దానికి తిండే, చివరికి గులకరాళ్లను, హీటరు గొట్టాన్ని కూడా మింగబోతుంది.

రెడ్‌టెయిల్ నాలుగడుగుల దాకా పెరగగలదు, బరువు 40 కిలోలు మించిన చేపలను కూడా అమెజాన్‌లో పట్టారు. దానికి సరిపోయే ట్యాంకు మామూలు ఇంట్లో కట్టలేం. ఇది ఇంటి అక్వేరియం చేప కాదని నిర్మొహమాటంగా చెబుతున్నాను. అది ఐదంగుళాలు ఉన్న ఈ రోజే వేరే చోటు చూడండి, అడుగున్నర అయ్యాక ఎవరూ తీసుకోరు.

హంద్రీ, కర్నూలు | శనివారం, మధ్యాహ్నం 3:05

రెడ్‌టెయిల్ విషయంలో అందరితో ఏకీభవిస్తాను. అరోవానా విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. నా సిల్వర్ అరోవానా ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ట్యాంకులో ఐదేళ్లుగా ఉంది, రోజూ తింటోంది, ఎన్నడూ జబ్బు పడలేదు. 8 అడుగులు, 3 అడుగులు అంటే మనలాంటి మధ్యతరగతి వాళ్ల ఇళ్లలో ఎవరికి సాధ్యమవుతుంది? ఇలా భయపెడితే కొత్తవాళ్లు చేపలు పెంచడమే మానేస్తారేమోనని నా బాధ.

పెన్నా తీరం, కడప | శనివారం, సాయంత్రం 4:20

మీరు ఐదేళ్లు శ్రద్ధగా చూసుకున్నారు కాబట్టే అది బతికి ఉంది, ఆ శ్రద్ధను నేను తక్కువ చేయను. ఒక్క పని చేయండి. మూత తీసి పైనుంచి చూడండి, పక్కనుంచి కాదు. అది తిరిగేటప్పుడు తోక అద్దానికి రాసుకుంటోందా, వెన్ను తిన్నగా ఉందా, మొప్పల అంచులు బయటికి మడతపడ్డాయా అన్నవి చూసి చెప్పండి. మొప్పల అంచు మడత సాధారణంగా ఇరుకు ట్యాంకుల్లో, నీటి నాణ్యత దెబ్బతిన్న చోట్ల పెరిగిన అరోవానాల్లో కనిపిస్తుంది.

సాధ్యం కాదన్న మాట నిజమే. అది సాధ్యం కాని ఇంటికి తగిన చేపలు ఎన్నో ఉన్నాయి, ఆ ఇంటికి అరోవానాయే కావాలని ఏమీ లేదు కదా.

పునాది, ప్రొద్దుటూరు | శనివారం, సాయంత్రం 6:10

చేపల గురించి నాకు తెలిసింది తక్కువ, కట్టడాల పని నా వృత్తి. మిద్దె పైగదిలో అన్నమాట చదివి ఆగలేక రాస్తున్నాను.

మీ ట్యాంకు నింపితే నీళ్లే 650 కిలోల పైన ఉంటాయి. 12 మిల్లీమీటర్ల అద్దం 120 కిలోల దాకా తూగుతుంది. ఇనుప స్టాండు, కింద పెట్టే సంపు (నీళ్లను వడకట్టే తొట్టి), అందులోని నీళ్లు కలిపితే మొత్తం 950 కిలోలకు దగ్గరవుతుంది. ఇదంతా 12 చదరపు అడుగుల చోటులో, అంటే చదరపు మీటరుకు 850 కిలోల చొప్పున కూర్చుంటుంది. మన దేశంలో ఇళ్ల స్లాబులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు, అంటే మనుషులు, సామాన్ల బరువుకు లెక్కవేస్తారు. ఆ లెక్క గది మొత్తానికి సంబంధించినది కాబట్టి ఒక మూల ఎక్కువ బరువు పెట్టగానే స్లాబు కూలిపోతుందని నేననను. దూలం మీదుగా, గోడకు ఆనించి, బరువు పంచుకునేలా పెట్టిన ట్యాంకులు నిలబడ్డవి ఉన్నాయి. కానీ అది చూసి నిర్ణయించాల్సింది మీ ఇంటి నక్షా తెలిసిన ఇంజనీరు. అసలు మీది సిమెంటు స్లాబేనా, లేక బండల మిద్దెనా?

బురుజు నీడ, కర్నూలు | శనివారం, రాత్రి 8:00

బండల మిద్దె అండీ. మా నాయన కట్టించినది. ఇనుప గడ్డర్ల మీద బండలు పరిచి పైన సున్నం గచ్చు చేశారు.

పునాది, ప్రొద్దుటూరు | శనివారం, రాత్రి 8:12

అయితే పైన వద్దే వద్దు. బండకు సాగే గుణం లేదు, విరిగేటప్పుడు ముందుగా వంగి హెచ్చరించదు. ట్యాంకును కింది గదిలోనే పెట్టండి. అక్కడ కూడా నాపరాళ్ల పరుపు కింద మట్టి గుల్లగా ఉంటే ఒక మూల కుంగుతుంది, ట్యాంకు రెండు మిల్లీమీటర్లు మెలి తిరిగినా అతుకు దగ్గర పగులుతుంది. అందుచేత స్టాండు నిలిచే చోట నాలుగంగుళాల కాంక్రీటు పోయించి, రసమట్టంతో సమంగా ఉందో లేదో చూసుకుని, అద్దం కింద థర్మాకోల్ పలక పరిచి కూర్చోబెట్టండి.

అనంత జలం, అనంతపురం | ఆదివారం, ఉదయం 7:30

నీళ్ల గురించి ఎవరూ ప్రస్తావించలేదు, మన ప్రాంతంలో ట్యాంకు కొలతను నిర్ణయించేది సగం అదే.

వేటాడే చేపలు మాంసం తింటాయి, మాంసం తిన్న చేప విసర్జనలో అమ్మోనియా ఎక్కువగా ఉంటుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, క్షార గుణం ఎక్కువ, పీహెచ్ తరచుగా 8 దగ్గర ఉంటుంది. అమ్మోనియాలో చేపను చంపే భాగం పీహెచ్ 7 దగ్గర ఉన్నదాని కంటే పీహెచ్ 8 దగ్గర సుమారు పది రెట్లు ఉంటుంది, వేడి పెరిగితే అది ఇంకా పెరుగుతుంది. సున్నం తక్కువగా ఉన్న మెత్తటి నీళ్ల ఊళ్లో తట్టుకుని బతికినంత చేపల మందను అదే కొలత ట్యాంకులో అనంతపురం బోరు నీళ్లలో పెడితే ముందుగా మొప్పలు దెబ్బతింటాయి. అందుకే ఫిల్టరును ట్యాంకు అందాన్ని బట్టి కాక చేపల తిండిని బట్టి ఎంచుకోవాలి. 680 లీటర్ల ట్యాంకుకు కనీసం 120, 150 లీటర్ల సంపు, గంటకు ట్యాంకు నీళ్లన్నీ ఐదారుసార్లు తిరిగే పంపు ఉండాలి. కొత్త ఫిల్టరులో మేలుచేసే బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పాత ట్యాంకు ఫిల్టరులోని స్పాంజిని కడగకుండా కొత్తదానిలో వేస్తే త్వరగా స్థిరపడుతుంది.

వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. అంటే ప్రతి వారం 220 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో మీ వీధికి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో ఆలోచించి, ఆ నీళ్లు నిలువ చేసే డ్రమ్ములకు చోటు చూసుకున్నాకే ట్యాంకు కొలత ఖాయం చేయండి. మునిసిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు వేయాలి. తీసిన నీళ్లను మురుగులో పోయకండి. మా ఇంట్లో జామచెట్టుకు, కరివేపాకు చెట్టుకు ఆరేళ్లుగా అవే నీళ్లు, వాటికి వేరే ఎరువు వేసింది లేదు.

ఎండాకాలం ఇంకొక సంగతి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైగా ప్రాణవాయువు కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర అది 7కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. కర్నూలులో కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం చేపలు కిక్కిరిసిన ట్యాంకులో రెండు గంటల్లో అన్నీ చచ్చిపోగలవు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తప్పక పెట్టుకోండి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే మన పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరైన నీళ్లు మాత్రం రోజూ పోస్తుండాలి.

చిత్రావతి, తాడిపత్రి | ఆదివారం, ఉదయం 9:45

తోడు చేపల గురించి నేను చెబుతాను. పదకొండేళ్లు అక్వేరియం అంగడి నడిపాను, ఈ విషయంలో చూసిన నష్టాలు చాలా ఉన్నాయి.

తోడు చేపను ఎంచుకునేటప్పుడు దాని పొడవు చూసి మోసపోకూడదు. ఆరంగుళాల సన్నటి చేపను పదంగుళాల ఆస్కార్ మింగగలదు, అదే ఆరంగుళాల సిల్వర్ డాలర్‌ను మింగలేదు. సిల్వర్ డాలర్ ఒళ్లు నాణెంలాగా గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది, నోట్లో పట్టదు. అవి ఆరేడు కలిసి పైన మధ్యన తిరుగుతుంటే ఆస్కార్లకు కూడా ధైర్యం కలుగుతుంది, ట్యాంకులో అపాయం లేదని అనుకుని మూలల్లో దాక్కోవడం మానేస్తాయి. మొక్కలను మాత్రం మిగలనివ్వవు, ఆస్కార్ల ట్యాంకులో ఎలాగూ మొక్కలు నిలవవు.

అడుగున తిరిగేందుకు బిచిర్ మంచి చేప. ఎనిమిదంగుళాలు దాటినదాన్ని తెచ్చుకోండి. గట్టి పొలుసులు, నెమ్మది స్వభావం, గాలి పీల్చగలదు. సందు దొరికితే బయటికి పాకుతుంది కాబట్టి పైపుల దగ్గర రంధ్రాలు మూయాలి. చాలామంది అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను వేస్తారు. అరోవానా వంటి పెద్ద, నెమ్మదైన చేపల ఒంటి జిగురును అది రాత్రిపూట గీరి తింటుంది, ఆ పుండ్లు నేను చాలాసార్లు చూశాను. చిన్న సక్కర్ గానీ, ముళ్ల రెక్కలున్న చిన్న క్యాట్‌ఫిష్ గానీ ఆస్కార్ నోటికి చిక్కితే అది రెక్కలు నిక్కించి గొంతులో ఇరుక్కుంటుంది, రెండూ చస్తాయి.

ఫ్లవర్‌హార్న్‌ను దేనితోనూ కలపకండి. అది ఒంటరిగా ఉండాల్సిన చేప.

మీ ఆస్కార్లు రెండూ జంట అవుతాయో పగబడతాయో ఇప్పుడే చెప్పలేం. పెద్దయ్యాక పెదవులు పట్టుకుని రోజుల తరబడి లాక్కుంటుంటే మధ్యలో అడ్డు అద్దం పెట్టాల్సి వస్తుంది, ఆ గాడిని ట్యాంకు చేయించేటప్పుడే పెట్టించుకోండి. కొత్త చేపను వేసే రోజు లోపలి రాళ్లు, కొయ్యల అమరిక మొత్తం మార్చండి, పాత చేపలు హద్దులు మరిచిపోతాయి. ఆ రాళ్ల విషయంలో ఒక మాట. బేతంచెర్ల బండ ముక్కలు, కడప నల్లరాయి చూడముచ్చటగా ఉంటాయని వేస్తారు. అవి సున్నపురాయి జాతివి, నిమ్మరసం పిండితే నురుగు వస్తుంది. అసలే గట్టి నీళ్లున్న మనకు అవి అక్కర్లేదు. గ్రానైట్ వేసుకోండి.

తిండికి బతికున్న గోల్డ్‌ఫిష్ వేయడం మానండి. వాటి వెంట జబ్బులు వస్తాయి, పైగా వాటిలో ఉండే థయమినేజ్ అనే ఎంజైము చేపలోని బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. కోడి కాలేయం, మటన్ వంటివి కూడా రోజూ పెట్టకూడదు, ఆ కొవ్వును చేప అరిగించుకోలేక కాలేయం పాడవుతుంది. మంచి గుళికల మేత అలవాటు చేసి, వారానికి రెండుసార్లు చేప ముక్క గానీ వానపాములు గానీ పెట్టి, ఒక రోజు పస్తు ఉంచండి.

బురుజు నీడ, కర్నూలు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

చిత్రావతి అక్కా, మీరు చెప్పిన ప్రతి మాటా రాసుకున్నాను. మా అమ్మాయి అరోవానాకు పేరు కూడా పెట్టింది, దాన్ని పంపించాలంటే ఇంట్లో కష్టంగానే ఉంది. 8 అడుగుల ట్యాంకుకు గోడ ఉంది గానీ, మూడడుగుల వెడల్పు పెడితే తలుపు తెరుచుకోదు. రెడ్‌టెయిల్‌ను అంగడాయన వెనక్కి తీసుకోనన్నాడు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో వదిలేయమని ఒక స్నేహితుడు అంటున్నాడు, పెద్ద నది కదా, సుఖంగా బతుకుతుందని.

పెన్నా తీరం, కడప | ఆదివారం, మధ్యాహ్నం 1:40

దయచేసి ఆ పని చేయకండి. అది బతకకపోతే చేపకు అన్యాయం, బతికితే నదికి అన్యాయం. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అమెరికాకు చెందిన అలిగేటర్ గార్ చేప దొరికింది, అది తనంతట తాను కశ్మీరుకు వచ్చింది కాదు. అక్వేరియాల నుంచి బయటపడిన సక్కర్ చేపలు మన నదుల్లో వలలు చింపుతూ, మంచి చేపల గుడ్లు తింటూ ఎలా పెరిగిపోయాయో జాలరులను అడగండి. తుంగభద్రలో మన కొర్రమీను ఉంది, వాలుగ ఉంది, అక్కడ వేటాడే చేపల కొరత లేదు.

హంద్రీ, కర్నూలు | ఆదివారం, సాయంత్రం 5:50

పెన్నా తీరం గారు చెప్పినట్టు మూత తీసి పైనుంచి చూశాను, టేపుతో కొలిచాను. చేప 25 అంగుళాలు ఉంది, ట్యాంకు లోపలి వెడల్పు 23 అంగుళాలు. తిరిగే ప్రతిసారీ తోక అద్దానికి రాసుకుంటోంది, తోక రెక్క ఒక వైపు అరిగిపోయి ఉంది. కుడి మొప్ప అంచు కొంచెం బయటికి మడిచినట్టే కనిపిస్తోంది. ఐదేళ్లు పక్కనుంచి చూశాను కాబట్టి నాకు తెలియలేదు. నిన్న నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

చీనీ తోట, పులివెందుల | ఆదివారం, రాత్రి 9:15

చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా చీనీ తోటలో డ్రిప్పు రాకముందు నీళ్లు నిలువ చేసిన సిమెంటు తొట్లు రెండు ఉన్నాయి. పెద్దది 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. చిన్నది 12 అడుగులు, 6 అడుగులు. రెండింటికీ పైన వల, నీడ గుడ్డ ఉన్నాయి. పెద్ద తొట్టిలో ఇప్పటికే ఇలాగే ఎవరో వద్దన్న రెడ్‌టెయిల్ ఒకటి, పంగస్‌లు నాలుగు ఉన్నాయి. బురుజు నీడ గారి రెడ్‌టెయిల్‌ను అడుగున్నర అయ్యేదాకా వేరే వల గదిలో పెంచి, తర్వాత కలుపుతాను. చిన్న తొట్టి ఖాళీగానే ఉంది, అందులోకి మీ అరోవానా, హంద్రీ గారి అరోవానా రెండూ రావచ్చు. రెంటికీ మధ్య కొలతలో ఇంత తేడా ఉన్నంతకాలం అడ్డు వల ఉంచుతాను. డబ్బులేమీ వద్దు. మీ అమ్మాయిని ఎప్పుడైనా తీసుకుని రండి, తనే మేత వేయవచ్చు.

బురుజు నీడ, కర్నూలు | ఆదివారం, రాత్రి 10:05

ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో మాట్లాడుకున్నాం. కింది గదిలో 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తుతో ట్యాంకు చేయిస్తాను, అడ్డు అద్దానికి గాడి పెట్టిస్తాను. అందులో ఆస్కార్లు రెండు, సిల్వర్ డాలర్లు ఆరు, బిచిర్ ఒకటి, అంతే. రెడ్‌టెయిల్, అరోవానా, మూడు పంగస్‌లు పులివెందులకు వస్తాయి. కారులో నాలుగు గంటలకు పైగా ప్రయాణం, ఎలా తీసుకురావాలి?

చిత్రావతి, తాడిపత్రి | సోమవారం, ఉదయం 6:30

బయలుదేరడానికి ఒక రోజు ముందు నుంచి మేత ఆపండి, లేకపోతే సంచిలోని నీళ్లు వాటి విసర్జనతోనే విషమవుతాయి. ఒక్కో చేపకు ఒక్కో సంచి, సంచి మీద సంచి, మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. రెడ్‌టెయిల్ రెక్కల ముల్లు సంచిని చీలుస్తుంది కాబట్టి దాన్ని మాత్రం మూత ఉన్న బకెట్లో, బ్యాటరీ గాలి పంపు పెట్టి తీసుకెళ్లండి, వలతో పట్టకండి, ముల్లు వలకు చిక్కుకుంటుంది. సంచులను థర్మాకోల్ పెట్టెలో పెట్టి మూస్తే చీకట్లో నెమ్మదిగా ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఎండ ముదరక ముందే తోటకు చేరతారు. చేరాక సంచులను అరగంట తొట్టి నీళ్లలో తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కలిపి వదలండి. సంచిలోని నీళ్లు తొట్టిలో పోయకండి.

హంద్రీ, కర్నూలు | సోమవారం, ఉదయం 7:10

బురుజు నీడ గారూ, వచ్చే ఆదివారం నా కారులోనే వెళదాం. నాది 25 అంగుళాల చేప, సంచిలో పట్టదు, వెనక సీటు మడిచి 200 లీటర్ల మూత డ్రమ్మును పడుకోబెట్టి సగం నీళ్లు పోస్తాను. పక్కనే మీ పెట్టెకు చోటుంటుంది.